మాత్రలు మానేసిన మాస్టారు

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. సర్వీసంతా పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పారు. వయసు 66. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, రెండు రకాల మాత్రలు వాడేవారు. మూడు నెలల కింద మానేశారు. 'షుగర్ అసలు జబ్బే కాదు, మందుల కంపెనీలు కుట్ర చేసి 140 ఉన్న లెక్కను 126కి దించి కోట్ల మందిని రోగుల్ని చేశాయి' అని యూట్యూబ్‌లో ఒకాయన చెప్పగా విని, ఆయన దగ్గరే ఏదో పొడి తెప్పించుకుని తాగుతున్నారు. 'నాకేం బాధ ఉంది చెప్పు' అంటారు. టెస్టు చేయించుకోమంటే 'ల్యాబులూ వాళ్లవే' అంటారు. 2021లో మా బాబాయి కరోనాతో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పోయారు. లక్షలు కట్టించుకున్నారు, ఆఖరికి ముఖం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. అప్పటి నుంచే ఈ వీడియోలు మొదలయ్యాయి. అంతకుముందు భద్రాచలం వైపు పనిచేసినప్పుడు గిరిజన ఆడపిల్లలకు వేసిన టీకాల సంగతి కూడా ఎప్పుడూ ఎత్తుతారు. అమెరికాలో ఉన్న అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో రోజూ లింకులు పెట్టి వాదిస్తుంటే, పోయిన వారం నాన్న గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇప్పుడు మా బాబుకు తొమ్మిదో నెల టీకా కూడా వద్దంటున్నారు, ఆటిజం వస్తుందట. అమ్మేమో మాత్రలు నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేద్దామంటోంది. ఏం చేయమంటారు?
ఒక కూతురు, ఖమ్మం

సమాధానం: ముందు మజ్జిగ సంగతి తేల్చేద్దాం. వద్దు. ఈ రోజే అమ్మగారికి చెప్పండి.

ఆవిడ భయం నాకర్థమైంది. కానీ షుగర్ మాత్రల్లో కొన్ని, అన్నం తిన్నా తినకపోయినా షుగర్‌ను దించేస్తాయి. నాన్నగారు ఆ వీడియోలు చూసి అన్నం తగ్గించేసి ఉంటే, పైగా ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియనప్పుడు, చాటుగా పడిన మాత్ర ఏ తెల్లవారుజామునో ఆయనకు చెమటలు పట్టించి స్పృహ తప్పించవచ్చు. ఎందుకు పడిపోయారో ఆయనకే తెలియదు. పేరు చివర ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉండే మాత్రలు కడుపులో నెమ్మదిగా కరిగేలా చేసినవి, వాటిని అసలు నూరకూడదు. ఇదంతా పక్కన పెట్టినా, ఒక్కరోజు గ్లాసు అడుగున తెల్లటి పిండి కనిపించిందనుకోండి. అందరూ కలిసి తన వెనకాల ఏదో చేస్తున్నారని నమ్ముతున్న మనిషికి సొంతింట్లోనే సాక్ష్యం దొరుకుతుంది. ఆ తర్వాత మీరు మంచినీళ్లిచ్చినా అనుమానంగానే చూస్తారు.

రెండోది ఆగకూడని సంగతి. విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, బరువు తగ్గిపోవడం, చూపు మసకబారడం, కాలి మీద మానని పుండు, వీటిలో ఏది కనిపించినా వాయిదా వేయకుండా డాక్టరుకు చూపించాలి. వాంతులు, ఆయాసం, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం ఉంటే వాదనలు కట్టిపెట్టి 108కి ఫోన్ చేయండి. మిగతాదంతా అలాంటివేవీ లేవనుకుని రాస్తున్నాను.

ఇక ఆ 140, 126 గొడవ. వీడియోలో సగం నిజం ఉంది, సైన్సు మాస్టారు కూడా పడిపోయింది ఆ సగానికే. పరగడుపు షుగర్ 140 ఉంటేనే జబ్బు అని ఒకప్పుడు లెక్క. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వేసిన నిపుణుల కమిటీ దాన్ని 126కి దించింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థా ఒప్పుకుంది. దాంతో ఎంతోమంది కొత్తగా షుగర్ లెక్కలోకి వచ్చారన్నదీ నిజమే. ఇక్కడిదాకా చెప్పి వీడియో ఆపేస్తుంది. ఎందుకు దించారో చెప్పదు. ఆ కమిటీ ప్రధానంగా చూసింది కళ్లను. అరిజోనాలోని పీమా తెగవాళ్లు, ఈజిప్టువాళ్లు, అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్నవాళ్లు, ఈ మూడు చోట్లా వేల మందికి షుగర్ కొలిచి కంటి వెనక రెటీనా పరీక్షించిన వివరాలు దగ్గర పెట్టుకుంది. 140 దాకా రాకముందే కంటి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు ఎక్కువవుతున్నారని వాటిలో తేలింది. గీత జరపడానికి ముఖ్యమైన కారణం అది.

ఇదంతా నాన్నగారికి చెప్పబోయే ముందు ఇంట్లో ఆయన పాత మెడికల్ ఫైలు వెతకండి. పదకొండేళ్ల కిందటి మొదటి రిపోర్టు కావాలి. హెడ్మాస్టర్ల ఇళ్లలో కాగితం పారేయరు కాబట్టి దొరుకుతుంది. మాత్రలు మొదలుపెట్టేనాటికి పరగడుపు షుగర్ ఎంతుందో చూడండి. 180 అనో 210 అనో ఉంటే ఈ గొడవ ఆయనకు వర్తించనే వర్తించదు. కంపెనీలే గీత జరిపాయని ఒప్పేసుకున్నా, ఆయన పాత గీతకు కూడా అవతలే ఉన్నారు. ఈ మాట మాత్రం మీరు అనకండి. ఫైలు చేతికిచ్చి 'మొదట్లో ఎంతుండేది నాన్నా?' అని అడిగి ఊరుకోండి. ఒకవేళ 126కూ 140కూ మధ్యే ఉందనుకోండి, అదీ దాచొద్దు. అప్పుడాయన వాదనకు కొంత బలం ఉన్నట్టే, డాక్టరు దగ్గర ఆ మాటే ఎత్తవచ్చు.

ఇంకో సంగతి. ఆ పొడి ఆయుర్వేదం పేరుతోనే అమ్ముతూ ఉంటారు కదా? 'షుగర్ జబ్బే కాదు, కంపెనీలు పుట్టించింది' అనేవాళ్లు మధుమేహం గురించి చరకుడూ సుశ్రుతుడూ ఎందుకు రాశారో కూడా చెప్పాలి. ఏ మందుల కంపెనీ పుట్టకముందు మాట అది. ఈ పాయింటు మాస్టారికి నచ్చుతుందనుకుంటున్నాను.

ఇప్పుడు భద్రాచలం. దీన్ని మీరు దాటవేస్తున్నారని ఉత్తరం చూస్తే అనిపించింది. దాటవేయకండి, ఆయన అనుమానానికి వేరు అక్కడే ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. వాళ్లలో చాలామంది ఏజెన్సీ హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు చెప్పకుండా వార్డెన్ల చేతో హెడ్మాస్టర్ల చేతో సంతకాలు పెట్టించిన కాగితాలు బయటపడ్డాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంస్థనూ ఐసీఎంఆర్‌నూ గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి పిల్లల విషయంలో నాన్నగారి కోపం న్యాయమైన కోపం. ముందు ఆ మాట ఆయనతో అనండి. ఈ మధ్య ఆయనకు ఎవరూ అని ఉండరు.

ఆ కథకు రెండో సగమూ ఉంది. టీకా వేయించుకున్నాక చనిపోయిన పిల్లల గురించి విచారణ జరిగింది. ఒకరు పాము కరిచి, ఒకరు నీళ్లలో పడి, కొందరు పురుగుమందు తాగి, జ్వరంతో మరొకరు. టీకాతో సంబంధం కనిపించలేదు. అంటే అనుమతి తీసుకోవడంలో ఘోరమైన అన్యాయం జరిగింది, టీకా వల్ల ప్రాణాలు పోయిన ఆధారం మాత్రం లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. యూట్యూబ్ మనిషికి ఇలా రెండు సంగతులు పక్కపక్కన పెట్టే తీరిక ఉండదు. పైగా ఆ అన్యాయం ఎలా బయటపడిందో చూడండి. మహిళా ఆరోగ్య సంఘాలవాళ్లు భద్రాచలం వెళ్లి తల్లిదండ్రులతో, వార్డెన్లతో మాట్లాడి నివేదిక రాశారు. పత్రికలు రాశాయి, పార్లమెంటు సంఘం అధికారుల్ని పిలిచి అడిగింది. పేర్లు, తేదీలు, సంతకాలు అన్నీ కాగితం మీద ఉన్నాయి. షుగర్ కుట్ర వీడియోలో పేరు ఏది? తేదీ ఏది? 'వాళ్లు' అనే మాట తప్ప ఇంకేమైనా ఉందేమో ఆయన్నే వెతకమనండి.

బాబాయి విషయం కూడా అంతే. ఆ బిల్లు గురించీ, ముఖం చూపించకపోవడం గురించీ మీ ఇంట్లో ఎవరైనా ఆయనతో కూర్చుని మాట్లాడారా? నా అనుమానం, మాట్లాడి ఉండరు. తమ్ముడు పోయిన మనిషి నిద్రపట్టక ఫోను పట్టుకున్నాడు. ఒక వీడియో పూర్తిగా చూస్తే దాని తాతలాంటి వీడియో ఇంకోటి వచ్చింది. 'మీకు అన్యాయం జరిగింది' అని ఆ వీడియోలో ఆయన అన్నాడు, ఇంట్లోవాళ్లు 'ఇవేం పిచ్చి వీడియోలు నాన్నా' అన్నారు. ఎవరి వైపు మొగ్గుతారు?

నాన్నగారు వేస్తున్న ప్రశ్న, 'దీనివల్ల ఎవరికి లాభం?' అన్నది, మంచి ప్రశ్నే. అది మానేయమని చెప్పకండి. మందుల కంపెనీలు శుద్ధపూసలని నేనూ అనను. అమెరికాలో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ తన నొప్పి మాత్రల వ్యాపారంలో నేరం చేశానని 2020లో కోర్టులోనే ఒప్పుకుంది. చిక్కల్లా ఆయన ఆ ప్రశ్నను ఒకవైపే వేస్తున్నారు. పొడి అమ్మేవాడిని కూడా అదే అడగాలి. డబ్బా ఎంతకు కొన్నారు, నెలకు ఎన్ని కావాలి? లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్నాయా? ఆయన వాడిన మాత్రల్లో ఒకటి మెట్‌ఫార్మిన్ అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. షుగర్‌కు సాధారణంగా మొదట రాసేది అదే. 1957లో ఫ్రాన్స్‌లో ఝాన్ స్టెర్న్ అనే డాక్టరు రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించిన మందు. దాని మూలం గలేగా అనే మొక్క, యూరప్ నాటువైద్యంలో వాడినదే. ఇప్పుడు దాని మీద ఎవరి పేటెంటూ లేదు. జన ఔషధి దుకాణంలో ఒక్కో మాత్ర రూపాయికి అటూ ఇటూ, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. కోట్ల మందిని మోసం చేయడానికి పన్నిన కుట్రలో సరుకు రూపాయికి అమ్మడమేమిటో లెక్కల్లో గట్టివాడైన మాస్టారు ఆలోచించాలి. రెండు పక్కలా నెల ఖర్చు ఒక కాగితం మీద ఆయన చేతే రాయించండి.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం, 1954 నాటి చట్టం ప్రకారం. ఆ చట్టంలో జబ్బుల జాబితా ఉంది, అందులో షుగర్ పేరుంది. పొడి ప్రమాదమా అంటే, ఆయుర్వేదాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు గానీ, ఎవరు ఎక్కడ నూరారో తెలియని పొడి వేరే సంగతి. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న, మన వైపు నుంచి వెళ్లిన 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. కొన్ని 'మూలికల' మందుల్లో చెప్పకుండా ఇంగ్లీషు షుగర్ మాత్రే కలిపిన కేసులూ చాలా దేశాల్లో బయటపడ్డాయి.

'ల్యాబులూ వాళ్లవే' అన్నారు కదా. మంచిది, ల్యాబు మానేయండి. ఒక గ్లూకోమీటర్, ఒక డబ్బా స్ట్రిప్పులు కొనివ్వండి, ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రయోగం మాస్టారే చేస్తారు. కానీ మొదలుపెట్టే ముందే, ఆ నోటుబుక్కు మొదటి పేజీలో, ఆయన చేతిరాతతో ఒక వాక్యం ఉండాలి: పరగడుపు షుగర్ ఎంత దాటితే పొడి పనిచేయడం లేదని ఒప్పుకుంటారు? ఆయన ఇష్టం, 140 అని రాసుకున్నా సరే. అంకె ముందే రాయకపోతే, తర్వాత ఎంతొచ్చినా 'రాత్రి నిద్రలేదు కదా, అందుకే' అనే మాట వస్తుంది. పిల్లల రికార్డు పుస్తకాల్లో ఇలాంటి సర్దుబాట్లు ఎన్ని చూసి ఎన్ని కొట్టేశారో ఆయనకే తెలుసు.

వారం రోజులు చాలు. పొద్దున్న పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు ఒకసారి. చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. మామిడిపండు కోసిన చేత్తో వేలు పొడుచుకుంటే మీటరు చూపించేది పండులోని తీపిని. వేలి కొన మధ్యలో కాకుండా పక్కగా పొడుచుకుంటే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, గాలి తగిలితే పాడవుతాయి. ఇంటి మీటరు 15 శాతం దాకా అటూ ఇటూ చూపించవచ్చని మీరే ముందు చెప్పండి, ఆయన కనిపెట్టి దాన్నే పట్టుకుని కూర్చోకుండా ఉంటారు. 15 శాతం తీసేసినా 250 అనేది 126 కాదు. ఏ రోజైనా 300 దాటితే ప్రయోగం అక్కడితో ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలన్నది కూడా మొదటి పేజీలోనే రాయించండి. ఆ తర్వాత ఆయన ఒప్పుకుంటే 'మూడు నెలల షుగర్' టెస్టు చేయించవచ్చు. ఎర్ర రక్తకణం నాలుగు నెలల దాకా బతుకుతుంది కాబట్టి దానికి అంటుకున్న చక్కెరను చూస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. అంటే ఆయన మాత్రలు మానేసిన కాలం మొత్తం ఆ ఒక్క అంకెలో కనిపిస్తుంది.

అంకెలు బాగా వస్తే? రావచ్చు. బియ్యం తగ్గించి, బరువు తగ్గి, నడక మొదలుపెట్టినవాళ్లకు షుగర్ దిగడం వింతేమీ కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు చాలా తక్కువ ఆహారం ఇచ్చి బరువు తగ్గిస్తే, ఏడాది తర్వాత దాదాపు సగం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్లు మాత్రలు ఆపింది డాక్టర్ల కనుసన్నల్లో, క్రమం తప్పకుండా షుగర్ కొలుచుకుంటూ. నాన్నగారిది పదకొండేళ్ల షుగర్, కాబట్టి ఆశ తక్కువే. కానీ 'మాత్రలు తగ్గించుకోవాలని ఉంది' అని డాక్టరును అడిగే హక్కు ఆయనకుంది. ఆ కోరికను తీసిపారేయకుండా వినే డాక్టరు కావాలి. ఖమ్మంలో రిటైరైన హెడ్మాస్టరుకు డాక్టరైన శిష్యుడు ఒక్కడైనా ఉండకపోడు. వెతకండి. ఆ అబ్బాయో అమ్మాయో ఇంటికొచ్చి 'మాస్టారూ, మీ నోటుబుక్కు చూడొచ్చా' అని అడిగితే మీ అన్నయ్య పెట్టిన లింకులన్నీ కలిసినా చేయని పని జరుగుతుంది.

అన్నయ్య సంగతంటే, ఆయనకు ఫోన్ చేసి లింకులు ఆపమనండి. ఆయన చెప్పేది తప్పని కాదు. పదిమంది బంధువుల ముందు, మేనల్లుళ్ల ముందు, కొడుకు చేత తప్పు దిద్దించుకోవడం ఏ తండ్రికీ మింగుడుపడదు, అందులోనూ జీవితమంతా దిద్దిన మాస్టారికి. మాట్లాడాలంటే విడిగా, వీడియో కాల్‌లో మాట్లాడమనండి. 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. కుట్ర సిద్ధాంతాలు నమ్మే రెండు వేల మందికి పైగా మనుషులతో కంప్యూటర్ చాట్‌బాట్ మాట్లాడింది. వాళ్లు దేన్ని చూసి నమ్మారో ముందు అడిగి, సరిగ్గా దానికే ఆధారాలతో జవాబిచ్చింది. వాళ్ల నమ్మకం సగటున 20 శాతం తగ్గింది, రెండు నెలల తర్వాత చూసినా తిరిగి పెరగలేదు. మొత్తంగా పోలేదన్నది కూడా గమనించండి. నాన్నగారు ఏ వీడియోలో ఏ నిమిషం చూసి నమ్మారో అన్నయ్యకు తెలుసా? తెలియకుండా పెట్టే లింకు ఎవరికో పెట్టిన లింకే.

బాబు టీకా విషయంలో చర్చే వద్దు. అది మీరూ మీ ఆయనా తీసుకునే నిర్ణయం. తొమ్మిది నెలలు నిండగానే ఆ తట్టు టీకా వేయించేయండి, అబద్ధం చెప్పి కాదు, 'వేయించాం నాన్నా' అని మామూలుగా చెప్పి. ఆటిజం పుకారు 1998లో బ్రిటన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం నుంచి పాకింది. 2010లో దాన్ని అచ్చువేసిన పత్రికే వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు పట్టా కూడా పోయింది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని చూసినా తట్టు టీకాకూ ఆటిజంకూ సంబంధం కనిపించలేదు. నాన్నగారు అడిగితేనే ఇవి చెప్పండి.

చివరగా 'నాకేం బాధ ఉంది' అన్న మాట. షుగర్‌తో ఉన్న పేచీయే అది, నొప్పి పెట్టదు. కంట్లో జరిగేది చాలా ఏళ్లు చూపుకు తెలియదు. అందుకని మీటరు లెక్కలతో పాటు ఒక కంటి పరీక్షకు ఒప్పించండి. షుగర్ పేరెత్తకుండా 'అద్దాలు మార్చుకోవాలి కదా' అని తీసుకెళ్లే ఆలోచన వస్తుందేమో, అదీ మజ్జిగ లాంటిదే, వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఒంట్లో రక్తనాళాల్ని కోయకుండా నేరుగా చూడగలిగే చోటు రెటీనా, ఫొటో తీసి చూపిస్తారు, నువ్వే చూసుకో అని. 126 అంకె కూడా ఇలాంటి పరీక్షల్లోంచే వచ్చిందని అప్పుడు చెప్పవచ్చు. ఫొటో శుభ్రంగా ఉంటే ఇంటిల్లిపాదీ సంతోషించండి, ఏడాదికోసారి మళ్లీ వెళ్లండి. చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపిస్తే డాక్టరే వేలు పెట్టి చూపిస్తారు, మీరు పక్కన ఉండి ఏమీ అనకండి.

పరీక్షకు ముందు కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటల పాటు చూపు మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు. ఆ రోజు ఆయన్ని బండి మాత్రం నడపనివ్వకండి, ఆటోలో తీసుకెళ్లండి.